నిరాహార దీక్షలో నాచు

ఆవేళ పొద్దున ఆకాశం, కురవాలా వద్దా అని పైనుంచి ఆర్డరు కోసం చూస్తున్నట్టుంది. మబ్బులన్నీ వచ్చి వరసగా నిలబడ్డాయి గాని ఒక్కటీ చొరవ చెయ్యలేదు. ఇంధన శాఖ మంత్రిగారు కారు దిగి, పైకి ఓసారి చూసి, ఫరవాలేదు అన్నారు. వాన పడలేదు. మంత్రిగారి పలుకుబడి ఎంత ఎత్తుదాకా ఉందో మా ఊరివాళ్లకి అప్పుడే తెలిసింది.

ఊరి బయట నాచు పెంచే గుంటల గట్టు మీద షామియానా వేశారు. మంత్రిగారు మైకు అందుకుని, నేల తవ్వి నూనె తీసే కాలం చెల్లిపోయిందన్నారు. ఇకమీదట విమానాలు మన నాచు నూనెతో ఎగురుతాయన్నారు. బావులు తవ్వక్కర్లేదు, ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. నీళ్లూ, ఎండా, నాచూ ఉంటే చాలన్నారు. ఈ మూడూ తమ ప్రభుత్వం వచ్చాకే పుష్కలంగా దొరుకుతున్నాయన్నారు. చివర్లో గొంతు తగ్గించి, ప్రభుత్వ వార్షికోత్సవం నాడు ఆ నూనెతో ఎగిరే మొదటి విమానంలో మొదటి ప్రయాణికుణ్ణి నేనే అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. మా బావమరిది మేమంతా ఆపాక కూడా కాసేపు కొట్టాడు. వాడు మా ఊరి పార్టీ కార్యదర్శి.

నాచు సంగతి మంత్రిగారికి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. పోయిన దఫా ఆయన చేపల శాఖ చూశారు. అప్పుడు ఇవే గుంటల దగ్గరికి వచ్చి, ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని, నాచు నిర్మూలన ఉద్యమం ప్రారంభించారు. ఒక మనిషి తాను నిర్మూలించిన దాన్నే తిరిగి తన చేతుల మీదుగా ఉద్ధరించడం సామాన్యంగా చూడం. దానికి చాలా పెద్ద మనసుండాలి. లేదా శాఖ మారాలి.

ఇప్పుడు గుంటలు చూసుకునేది డాక్టరమ్మ. మందులిచ్చే డాక్టరు కాదు, నాచు మీద చదివి డాక్టరయింది. అయినా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆవిడ దగ్గరికే వెళ్లేవాళ్లు. ఆవిడ కాదనలేక నాలుక చూసి, బాగా నీళ్లు తాగండి అని పంపించేది. మా ఇంటి ముందు గదిలో ఉండేది. భోజనం మాతోనే. ఈ గుంటల్లో పెరిగేది కాళ్లకి చుట్టుకునే జాతి కాదు. నీళ్లని పచ్చగా చేస్తుంది తప్ప విడిగా కంటికి ఆనదు. కంటికి ఆనని దానికోసం ఇంతకాలం ఇక్కడ పడి ఉన్నావేమిటే అమ్మాయ్ అని మా ఆవిడ అడిగితే, దీని నూనెతో విమానం ఒక్కసారి పైకి లేస్తే చాలండీ, ఆ తర్వాత నన్ను ఎక్కడికి పంపినా పోతాను అన్నది. మామూలుగా అంత మాట్లాడదు. నేనూ మాట్లాడను. అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది.

సభ అయ్యాక మంత్రిగారు గుంట అంచుదాకా వెళ్లి, ఇందులోంచి నూనె ఎలా వస్తుందని అడిగారు. పక్కన నాచు పథకం చూసే స్పెషల్ ఆఫీసరుగారు ఉన్నారు, వెనక పత్రికలవాళ్లు. మేం ఇంకా వెనక.

"ముందు బాగా మేపుతాం సర్" అంది డాక్టరమ్మ. "ఎదిగాక మేత ఆపేస్తాం. అప్పుడు అవి భయపడి ఒంట్లో నూనె దాచుకుంటాయి. పస్తుంచకపోతే నూనె పట్టదు."

పత్రికలవాళ్లు పెన్నులు తీశారు. మంత్రిగారి ముఖంలో రంగు మారింది. ఆకలి అన్నది ఈ గడ్డ మీద లేదని పోయిన వారమే శాసనసభలో ప్రకటించి ఉన్నారాయన.

"నా నియోజకవర్గంలో ఎవరు పస్తులుంటున్నారు?" అన్నారు.

"నాచు సర్."

"నాచయినా సరే."

స్పెషల్ ఆఫీసరుగారు అనుభవం గలవారు. వెంటనే ముందుకొచ్చి, పస్తు కాదు సర్, ఆహార విరామం అన్నారు. మంత్రిగారు ఆ మాట నోట్లో అటూఇటూ తిప్పి చూసుకుని, విరామం అంటే మాత్రం అది అడిగిందా, మనమిచ్చామా అన్నారు. ఇకనుంచి గుంటలకి మూడు పూటలా మేత వెయ్యాలనీ, తన పాలనలో ఏకకణ జీవి కూడా కడుపు మాడ్చుకోకూడదనీ అక్కడే ఉత్తర్వు ఇచ్చారు. ఏకకణం అన్న మాట డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో ఉంది. దాన్ని ఆయన ఎంత త్వరగా తన సొంతం చేసుకున్నారో చూసి నాకు ముచ్చటేసింది.

మర్నాటినుంచే మేత పథకం మొదలైంది. నాచుకి మేత అంటే ముఖ్యంగా యూరియా. మా బావమరిదిని ఇన్‌చార్జిగా వేశారు. కార్యకర్తలు బస్తాలు మోసుకొచ్చి దోసిళ్లతో చల్లేవాళ్లు. ఫొటోగ్రాఫరు ఆలస్యంగా వస్తే మళ్లీ చల్లేవాళ్లు. ఊళ్లో నేను చూసిన పథకాలన్నిట్లోకీ లబ్ధిదారుడి నోటిదాకా చేరింది ఇదొక్కటే.

ఆ రోజుల్లోనే నా చేనుకి ఒక బస్తా కావాలని గిడ్డంగికి వెళితే, మొత్తం గుంటలకి వెళ్లిపోయిందన్నారు. ఇంటికొచ్చి బావమరిదిని అడిగాను.

"బావా, నీ చేనుకి వేస్తే నీ ఒక్కడి కడుపు నిండుతుంది. గుంటలో వేస్తే విమానాలు ఎగురుతాయి. ఏది గొప్పదో నువ్వే చెప్పు" అన్నాడు.

"బస్తా" అన్నాను.

వాడు నా వెనకబాటుతనానికి జాలిపడి వెళ్లిపోయాడు.

నాచు మాత్రం బ్రహ్మాండంగా ఎదిగింది. నీళ్లు చిక్కబడి, గరిటె నిలబెడితే నిలిచేట్టయింది. ఒక బాతు వచ్చి దిగి, ఇది నీరో నేలో తేల్చుకోలేక చాలాసేపు కదలకుండా నిలబడింది. పత్రికల్లో గుంటల ఫొటో వేసి, చూడండి సంక్షేమం అని రాశారు. డాక్టరమ్మ ఒక బకెట్టు తోడి, ఆరబెట్టి, పిండి చూసింది. నూనె లేదు.

"ఎప్పుడడిగితే అప్పుడు దొరుకుతుంటే అవి మాత్రం ఎందుకు దాచుకుంటాయండీ" అంది రాత్రి భోజనాల దగ్గర.

"ఏమోనమ్మా, మంత్రులు దాచుకుంటారుగా" అంది మా ఆవిడ.

మా బావమరిది వినబడనట్టు కూర వడ్డించుకున్నాడు.

నెల తిరక్కుండానే సమీక్షా సమావేశం పెట్టారు. రైతు ప్రతినిధి అని రాసిన కుర్చీ ఒకటి ఖాళీగా ఉందని మా బావమరిది నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. ఏమీ మాట్లాడొద్దన్నాడు. ఈ జాగ్రత్త నాకు చెప్పడం అనవసరం. ఏసీ గదిలో పొడుగు బల్ల, బల్ల మీద ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క నీళ్ల సీసా, గోడ మీద నవ్వుతున్న మంత్రిగారు, ఆ కింద నవ్వని మంత్రిగారు.

నూనె ఎందుకు రాలేదని ఆయన అడిగారు. స్పెషల్ ఆఫీసరుగారు లేచి, ఉత్పత్తికి ముందు దశ అద్భుతంగా ఉందనీ, ఉత్పత్తి ఒక్కటే మిగిలిందనీ చెప్పారు. డాక్టరమ్మ లేచి, ఒక్క గుంటకైనా మేత ఆపమంది. ఆ మాట మినిట్స్‌లో రాయొద్దన్నారు.

"వాటికి టార్గెట్ ఇచ్చారా?" అన్నారు మంత్రిగారు.

"ఇచ్చాం సర్. పెద్ద బోర్డు పెట్టించాం."

"ఎటువైపు పెట్టారు?"

"రోడ్డు వైపు సర్."

"నూనె ఇవ్వాల్సింది రోడ్డా?"

ఆ సాయంత్రానికల్లా బోర్డు గుంటల వైపు తిప్పారు. ఇంత సూక్ష్మంగా ఆలోచించే నాయకుడు మనకుండడం అదృష్టమని స్పెషల్ ఆఫీసరుగారు మెట్లు దిగుతూ ఎవరితోనో అన్నారు. కింద డాక్టరమ్మ ఆయన కోసం నిలబడి ఉంది. ఆయన గొంతు మార్చి, వార్షికోత్సవం లోపల నూనె రాకపోతే గుంటలు పూడ్పించేస్తామనీ, ఆమె వచ్చిన చోటికి వెళ్లిపోవచ్చుననీ చెప్పారు.

"వస్తే?" అంది.

ఆయన ఆ సంగతి అంతవరకు ఆలోచించినట్టు లేదు. కారెక్కే దాకా ఆలోచించి, వస్తే అప్పుడు చూద్దాం అన్నారు.

 ఊరి పొలిమేర దాటాక డాక్టరమ్మ, మీ చేను పక్కన ఉన్న చివరి గుంట రోడ్డు మీదికి కనిపించదు కదండీ అంది. కనిపించదన్నాను. మధ్యలో గడ్డి మనిషెత్తు ఉందని కూడా చెప్పాను. అంతకుమించి మేం ఏ కుట్రా చెయ్యలేదు.

ఆ మర్నాటినుంచి మేతవాళ్లు చివరి గుంట వైపు వస్తే, నేను గట్టు మీద కూర్చుని, దీనికి పెట్టేశారన్నాను. అది నిజమే. ఎప్పుడు పెట్టారని వాళ్లు అడగలేదు. మొయ్యాల్సిన బస్తా ఒకటి తగ్గితే ఎవరు మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతారు. కొన్నాళ్లకి ఆ గుంటలో పచ్చదనం విరిగింది. ముందు పండుటాకు రంగు, తర్వాత తుప్పు రంగు. డాక్టరమ్మ ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, నన్నూ చూడమంది. కణం కణంలో చిన్న చిన్న బుడగలు మెరుస్తున్నాయి. అవే అంది. ఆ రోజు ఆవిడ మా ఆవిడ చేత జడ వేయించుకుంది.

అంతా బాగానే సాగుతోందనుకునేసరికి మా బావమరిది గడ్డి తొలుచుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఇదేంటి బావా, కామెర్లొచ్చినట్టుంది?"

వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుని చూశాడు.

"మేత పెట్టట్లేదా దీనికి? అయిపోయాను. ఇన్‌చార్జిని నేను. పైకి తెలిస్తే పార్టీలోంచి తీసి బయట పారేస్తారు."

సరాసరి ఇంటికెళ్లి డాక్టరమ్మ మీద విరుచుకుపడ్డాడు. మేడమ్, మీరు చదువుకున్నవాళ్లు, ఎక్కడికైనా పోయి బతుకుతారు, నాకు ఈ పదవి తప్ప ఏముంది అన్నాడు. ఇంకో పది రోజులు ఓపిక పట్టమని ఆవిడ బతిమాలింది. కుదరదన్నాడు. ఇప్పుడే బస్తా తెచ్చి కుమ్మరిస్తానన్నాడు. అదే జరిగితే ఇన్నాళ్ల పస్తూ వృథా అవుతుంది, మళ్లీ మొదలుపెట్టేందుకు వ్యవధి లేదు. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది.

మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ. మీ మంత్రి మంత్రి కాకముందు ఏం చేశాడ్రా?"

"ఉద్యమం చేశారు."

"ఏం ఉద్యమం?"

"నిరాహార దీక్ష. కలెక్టరాఫీసు ముందు. నేనే మంచం వేశాను."

"తిండి మానేస్తే ఆయనేమో నాయకుడు. ఇదేమో పస్తా?"

 మా బావమరిదికి ఆలోచన రావడం నేను చూడడం అదే మొదలు. ముందు కనుబొమలు కదిలాయి, తర్వాత మెడ. గుమ్మం దిగి సైకిలెక్కి వెళ్లిపోయాడు. పొద్దుగుంకే లోపల చివరి గుంటకి నాలుగు పక్కలా పార్టీ జెండాలు పాతి, మధ్యలో బ్యానరు కట్టించాడు. మంత్రిగారి ఆశయాలకు మద్దతుగా నాచు నిరవధిక నిరాహార దీక్ష అని దాని మీద రాయించాడు. దీక్షలో ఉన్నవాళ్లకి బలవంతంగా తినిపించడం పోలీసుల పనేగాని కార్యకర్తలది కాదు కనక మేతవాళ్లు ఆ దరిదాపులకి రావడం మానేశారు. ఒకరిద్దరు సంఘీభావం తెలపడానికి వచ్చి, కాసేపు గట్టు మీద కూర్చుని, ఫొటో తీయించుకుని, అన్నం వేళకి వెళ్లిపోయారు.

దీక్ష ఫలించింది. డాక్టరమ్మ ఆ గుంటంతా వడకట్టి, ఎండబెట్టి, పిండి నూనె తీసింది. తను చదువుకున్న చోటికి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి, విమానానికి పనికొచ్చేలా శుద్ధి చేయించి, పరీక్షలన్నీ పెట్టించి తెచ్చింది. మొత్తం ఒక్క స్టీలు క్యాను. మూత తీసి చూపిస్తే నీళ్లలాగే ఉంది. విమానం ట్యాంకులో మామూలు ఇంధనంతో కలిపి పోస్తే చాలంది. స్పెషల్ ఆఫీసరుగారికి చెప్పడానికి వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. వచ్చిందా అని ఆయన రెండుసార్లు అడిగారు. కుర్చీలో వెనక్కి వాలి, ఇబ్బందే అన్నట్టు ఫ్యాను వైపు చూశారు. తర్వాత తేరుకుని, అభినందనలు అన్నారు.

వార్షికోత్సవం నాడు చిన్న విమానాలు దిగే మైదానంలో సభ. ముగ్గురు నలుగురు పట్టే తెల్లటి విమానం ఒకటి కడిగి నిలబెట్టారు. జనాన్ని మా బావమరిది లారీల్లో తోలుకొచ్చాడు. క్యాను నా చేత మోయించారు, ఎందుకంటే వేదిక దాకా నడిచే రైతు ఒకడు కావాలన్నారు. డాక్టరమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతిలో గరాటు పట్టుకుని నా పక్కన నడిచింది. మంత్రిగారు క్యానుకి దండ వేశారు. క్యాను మెడ చిన్నది, దండ జారి నా చేతిలో పడింది. మళ్లీ వేశారు. ఇప్పుడు ఇంధనం నింపుతారని మైకులో చెప్పి, మమ్మల్ని వేదిక వెనక టెంటులోకి పంపించారు. అక్కడినుంచి విమానం పది అడుగుల దూరం.

మేం క్యానుతో నిలబడి ఉండగా గుడ్డ తెరకి అవతల మంత్రిగారూ స్పెషల్ ఆఫీసరుగారూ వచ్చి ఆగారు.

"ఏమయ్యా, ఇది నిజంగా నాచుతో తీసిందేనా?"

"నిజంగానే సర్."

"నిజంగా అంటే?"

"అంటే, నిజంగానే సర్. ఆవిడ తీసింది."

 తర్వాత మంత్రిగారి గొంతు, మైకులో ఎన్నడూ విననంత మెత్తగా వచ్చింది.

"ఆ నాచుని నేను చేపల శాఖలో ఉన్నప్పుడు చూశానయ్యా. కాలు పెడితేనే జారుతుంది. దాన్ని నమ్ముకుని ఆకాశంలోకి పొమ్మంటావా? నాకు బీపీ ఉంది. మావాడికి పిల్లనిచ్చేవాళ్లు రేపు నిశ్చయానికి వస్తున్నారు. నేను ఎక్కను."

"సర్, సర్. మీరు కంగారు పడకండి. ట్యాంకు నిన్ననే ఫుల్ చేయించాను. మామూలుదే. ఇందులోది ఒక్క చుక్క కూడా కలవదు."

"నా మీద ఒట్టు?"

"మీ మీద ఒట్టు సర్."

"పైలెట్‌ని పిలువు."

పైలెట్‌ని పిలిచారు. అతను కూడా మామూలుదేనన్నాడు. మంత్రిగారు హాయిగా ఊపిరి వదలడం మాకు స్పష్టంగా వినబడింది. తెర తీసుకుని ఇవతలికొచ్చి, మమ్మల్ని చూసి, రెండు చేతులూ జోడించి నవ్వారు. నవ్వుతూనే విమానం మెట్లెక్కి, పై మెట్టు మీద నిలబడి, జనం వైపు చెయ్యి ఊపారు. భయమన్నది ఏ కోశానా లేదు.

స్పెషల్ ఆఫీసరుగారు మాత్రం వెనక ఉండిపోయి, ఆ క్యాను ఎక్కడైనా జాగ్రత్తగా పక్కన పెట్టెయ్యవయ్యా అని నాతో అన్నారు. డాక్టరమ్మ గరాటుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఏమైనా అంటుందేమోనని ఆయన ఒక నిమిషం నిలబడి, వేదిక వైపు వెళ్లిపోయారు. 

విమానం లేచి, మైదానం చుట్టూ ఒక రౌండు కొట్టి, దిగింది. మంత్రిగారు మైకు దగ్గరికొచ్చి, నా ప్రాణాన్ని నాచు చేతిలో పెట్టాను, నాచు నన్ను మోసం చెయ్యలేదు అన్నారు. రెండో మాట ముమ్మాటికీ నిజం. జనం జేజేలు పలికారు. పక్కన నిలబడ్డ ముసలాయన కళ్లు తుడుచుకుని, మంత్రులందరూ ఇలా ఉంటే ఎంత బావుణ్ణు అన్నాడు. అవునన్నాను.

మేం ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. వార్షికోత్సవం దీపాలంకరణకి కరెంటు సరిపోక మా వైపు లైను ఆపేశారు. కాసేపటికి మా బావమరిది వచ్చాడు. రోజూ బయట్నుంచే అక్కా ఆకలి అని కేకేసేవాడు, ఇవాళ వెయ్యలేదు. గుమ్మంలో చెప్పులు విప్పి, అక్కడే నిలబడి చెప్పాడు. లక్ష్యం నెరవేరింది కనక గుంటలు ఎల్లుండి నుంచి పూడుస్తారట. ఆ చోట సిమెంటుతో విమానం బొమ్మ పెడతారట. మేడమ్‌కి శాలువా కప్పి, విధుల్లోంచి విడుదల చేస్తారట. శాలువా కొనే బాధ్యత వాడికి ఇచ్చారట.

"మేడమ్, ఏ రంగు కొనమంటారు?" అన్నాడు నేల చూపులు చూస్తూ.



మా ఆవిడ వాణ్ణి చేతులు కడుక్కుని కూర్చోమంది. అటక మీది లాంతరు దించి ఊపి చూసింది, ఖాళీ. వంటింట్లో చీకట్లో తడుముకుని కిరసనాయిలు డబ్బా కూడా ఊపింది, అదీ ఖాళీయే. మూల నేను తెచ్చి పెట్టిన స్టీలు క్యాను చేతికి తగిలింది. దాన్ని తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టింది. డాక్టరమ్మ లేచి, గరాటు తెచ్చి ఇచ్చింది.

లాంతరు నింపి, అగ్గిపుల్ల గీసి ముట్టించింది. మంట నిటారుగా, తెల్లగా నిలబడింది. పొగ రాలేదు, వాసన రాలేదు, గ్లాసుకి మసి పట్టలేదు. గది మూలల్లోకి కూడా వెలుతురు పోయింది. డాక్టరమ్మ కాసేపు దాన్నే చూసి, చెయ్యి చాచి వత్తి కొంచెం తగ్గించింది.

మా ఆవిడ నలుగురికీ వడ్డించి, తనూ కూర్చుంది. ఆ వెలుగులో ఎవరి కంచంలో వాళ్లం చూసుకుంటూ అన్నం తిన్నాం.